రెండోసారి దొరికితే పోయేది లైసెన్సు ఒక్కటే కాదు

1989 మార్చిలో అమెరికా సెనేట్ ఒకే పదవి విషయంలో ఎనిమిది రోజుల తేడాతో రెండు భిన్నమైన నిర్ణయాలు తీసుకుంది. రక్షణ మంత్రి పదవికి అధ్యక్షుడు సీనియర్ బుష్ ప్రతిపాదించిన మాజీ సెనేటర్ జాన్ టవర్‌ను మార్చి 9న 53-47 ఓట్లతో తిరస్కరించింది. ఆయన తాగుడు మీద వాషింగ్టన్‌లో వారాల తరబడి సాగిన చర్చ ఆ ఓటమికి ఒక ప్రధాన కారణం. రక్షణ కంపెనీలతో ఆయనకున్న సంబంధాలు, పార్టీ రాజకీయాలు దానికి తోడయ్యాయి. మార్చి 17న అదే పదవికి డిక్ చెనీని 92-0తో ఆమోదించింది. టవర్ మీద ఉన్నవి ఆరోపణలు. చెనీ మీద ఉన్నవి ఏకంగా కోర్టు శిక్షలు. 1962లో ఒకసారి, ఏడాది తిరక్కుండానే 1963లో మరోసారి వయోమింగ్ రాష్ట్రంలో తాగి కారు నడుపుతూ ఆయన దొరికిపోయారు.

అప్పుడు చెనీ కరెంటు లైన్ల పని చేసుకునే ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ల కుర్రాడు. 1989 నాటికి ఆ కేసులకు పాతికేళ్లు దాటాయి. ఈలోగా ఆయన చదువు పూర్తి చేశారు, వైట్‌హౌస్ చీఫ్ ఆఫ్ స్టాఫ్ అయ్యారు, పదేళ్లు ప్రతినిధుల సభలో కూర్చున్నారు. సెనేట్ ఓటింగు వేరు, ప్రభుత్వ రహస్య పత్రాలు చూడటానికి మామూలు ఉద్యోగికి ఇచ్చే సెక్యూరిటీ క్లియరెన్స్ వేరు. అయితే క్లియరెన్స్ విధానం కూడా ఇదే తర్కం మీద నడుస్తుంది. కేసులు ఎన్ని అన్నదానికన్నా, కేసు తర్వాత మనిషి ఎలా బతికాడన్నదే అక్కడ ఎక్కువ బరువు తూగుతుంది. మద్యం మత్తులో రెండోసారి, మూడోసారి దొరికినవారి ఫైలు చిక్కుల్లో పడేది సరిగ్గా ఇక్కడే.

అంకె చెప్పని నిబంధన

అమెరికాలో 40 లక్షల మందికి పైగా ఏదో ఒక స్థాయి క్లియరెన్స్ ఉంది. సైనికులు, గూఢచారి సంస్థల విశ్లేషకులతో పాటు రక్షణ కంపెనీల ఇంజినీర్లు, సర్వర్లు చూసుకునే ఐటీ సిబ్బంది, రహస్య ప్రాంగణాల్లో మరమ్మతులు చేసే కార్మికులు కూడా ఇందులో ఉంటారు. వీరిలో చాలామందికి క్లియరెన్స్ పోవడమంటే ఉద్యోగం పోవడమే. దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది తేల్చే ఉమ్మడి కొలమానాలు 2017 జూన్ 8 నుంచి అమల్లో ఉన్నాయి. సీడ్-4గా పిలిచే ఆ ఆదేశంలో ‘ఎ’ నుంచి ‘ఎం’ వరకు 13 అంశాలున్నాయి. విదేశీ ప్రభావం, అప్పులు, మాదకద్రవ్యాలు వంటివాటికి తలా ఒక అంశం. డ్రంకెన్ డ్రైవ్ కేసు ఒకేసారి రెండింటి కిందికి వస్తుంది. మద్యపానానికి సంబంధించిన ‘జి’ ఒకటి, నేర ప్రవర్తనకు సంబంధించిన ‘జె’ మరొకటి.

ఇన్ని కేసులుంటే క్లియరెన్స్ రాదన్న అంకె ఈ ఆదేశంలో ఎక్కడా లేదు. ఒక్క కేసున్నా ఆందోళన వ్యక్తం చేయవచ్చు. దరఖాస్తుదారుకు మద్యం వ్యసనం ఉందని డాక్టరు నిర్ధారించాల్సిన పని కూడా లేదు. అలాగని రెండు కేసులున్నంత మాత్రాన తిరస్కరించి తీరాలనీ లేదు. మొత్తం మనిషిని చూడాలన్నది ఇక్కడి మూలసూత్రం. జరిగినదాని తీవ్రత, అప్పటి పరిస్థితులు, ఎన్నిసార్లు జరిగింది, ఎంతకాలమైంది, అప్పటి వయసు, పరివర్తన వచ్చిందా, మళ్లీ జరిగే అవకాశం ఎంత అన్నట్టుగా తొమ్మిది విషయాలను కలిపి తూస్తారు. చివరికి సందేహం మిగిలితే ఆ లాభం దేశ భద్రతకే దక్కుతుంది, దరఖాస్తుదారుకు కాదు.

ఈ తూకంలో రెండో కేసు మొదటి కేసుకు రెండింతలు అనుకుంటే పొరపాటు. మొదటి కేసును పార్టీ జరిగిన రాత్రి వేసిన తప్పటడుగుగా చెప్పుకోవచ్చు. కుర్రతనం, ఉద్యోగం పోయిన బాధ, ఇంట్లో గొడవ వంటి కారణాలకు అప్పుడు కాస్త విలువ ఉంటుంది. ఆ కేసులో కోర్టు జరిమానా వేసి వదిలేయదు. లైసెన్సు సస్పెండ్ చేస్తుంది, మద్యం మీద అవగాహన తరగతులకు పంపుతుంది, ప్రొబేషన్‌లో పెడుతుంది. చాలా రాష్ట్రాల్లో ఊపిరి ఊదితేనే ఇంజిను స్టార్టయ్యే పరికరాన్ని కారులో బిగించుకోవాలి. ఇన్ని హెచ్చరికలు అందాక కూడా మళ్లీ తాగి స్టీరింగ్ పట్టుకున్నాడంటే, ఆ మనిషికి నియమాలు తెలియక కాదు, తెలిసీ పాటించలేకపోయాడని పరిశీలకులు అనుకుంటారు. రహస్య పత్రాలు కాపాడటమన్నది అచ్చంగా నియమాలు పాటించే పని. ఎవరూ చూడని చోట, ఒత్తిడిలో, అలసటలో కూడా పాటించాల్సిన పని. అందుకే రెండో కేసు రోడ్డు భద్రత పరిధి దాటి నమ్మకానికి సంబంధించిన సాక్ష్యంగా మారుతుంది.

రెండో కేసు మొదటి కేసు ప్రొబేషన్ నడుస్తుండగానే వచ్చిందంటే పరిస్థితి ఇంకా బిగుసుకుంటుంది. ప్రొబేషన్‌లో ఉండటమే ‘జె’ కింద ఒక ప్రతికూలాంశం. కోర్టు పంపిన తరగతులకు వెళ్లకపోవడం ‘జి’ కింద మరొకటి. మద్యం వ్యసనమని నిర్ధారణ అయ్యాక చికిత్స సలహా పాటించకపోవడం ఇంకొకటి. ఒకే రాత్రి చేసిన తప్పు ఫైలులో నాలుగైదు పేరాలవుతుంది.

కోర్టు మరచినా ఫైలు మరవదు

అమెరికాలో డ్రంకెన్ డ్రైవ్ కేసులు చాలావరకు బేరసారాలతో ముగుస్తాయి. లాయరు ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి అభియోగాన్ని నిర్లక్ష్యపు డ్రైవింగ్ స్థాయికి దించుతాడు. కొన్ని రాష్ట్రాల్లో షరతులు పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు, ఇంకొన్నిచోట్ల రికార్డును సీలు చేస్తారు. ఇక పీడ విరగడైందని ఆ వ్యక్తి నిశ్చింతగా ఉంటాడు. క్లియరెన్స్ పరిశీలనకు ఈ ఊరట వర్తించదు. అక్కడ చూసేది శిక్ష పడిందా లేదా అని కాదు, అసలు ఏం జరిగిందన్నది. పోలీసు నివేదికలో రక్తంలో ఆల్కహాల్ మోతాదు ఎంత ఉందో, కారు ఎవరినైనా గుద్దిందో లేదో, అధికారితో ఎలా ప్రవర్తించాడో అన్నీ ఉంటాయి. కేసు పేరు మారినంత మాత్రాన ఆ కాగితాలు మారవు.

దరఖాస్తు పత్రమైన ఎస్ఎఫ్-86 ఈ విషయంలో నిర్మొహమాటంగా ఉంటుంది. చాలా ప్రశ్నలకు ఏడేళ్ల వెనక్కి చూస్తే చాలు. మద్యంతో గానీ మాదకద్రవ్యాలతో గానీ ముడిపడిన నేరంలో ఎప్పుడైనా అభియోగం ఎదుర్కొన్నారా అన్న ప్రశ్నకు మాత్రం కాలపరిమితి లేదు. ఇరవై ఏళ్ల కిందటిదైనా, కొట్టేసిన కేసైనా, సీలు చేసిన రికార్డైనా రాయాల్సిందే.

ఎక్కువమంది కూలబడేది ఇక్కడే. రెండు కేసులున్నాయని తెలిస్తే రాదేమోనన్న భయంతో పాతదాన్ని దాచిపెడతారు. వేలిముద్రలు సరిపోల్చగానే అది బయటపడుతుంది. అప్పటిదాకా లేని మూడో అంశం, వ్యక్తిగత ప్రవర్తనకు సంబంధించిన ‘ఇ’, ఫైలులోకి వస్తుంది. తాగుడు మాన్పించవచ్చు, కాలం గడిస్తే పాత కేసు పలచబడుతుంది. కానీ నిరుడు సంతకం పెట్టిన ఫారంలో ఉద్దేశపూర్వకంగా చెప్పిన అబద్ధానికి కుర్రతనం సాకు పనికిరాదు. పైగా ప్రభుత్వానికి తెలిసి తప్పుడు సమాచారం ఇవ్వడం ఐదేళ్ల వరకు జైలు పడగల ఫెడరల్ నేరం. రెండు డ్రంకెన్ డ్రైవ్ కేసులకు జవాబు చెప్పుకోగలిగిన మనిషి, ఒక్క అబద్ధానికి జవాబు చెప్పుకోలేక ఉద్యోగం పోగొట్టుకుంటాడు.

మూడో కేసుతో మరో గీత దాటినట్టవుతుంది. వర్జీనియాలో పదేళ్లలో మూడోసారి దొరికితే అది ఫెలనీ, అంటే తీవ్ర నేరం. టెక్సాస్‌లో మూడో కేసు ఎన్నేళ్ల తర్వాత వచ్చినా ఫెలనీయే, రెండు నుంచి పదేళ్ల జైలు పడవచ్చు. ఏడాదికి మించిన శిక్ష పడి, కనీసం ఏడాది జైల్లో గడిపినవారికి అత్యంత సున్నిత సమాచారం, ప్రత్యేక కార్యక్రమాలు, అణ్వాయుధ రహస్యాలు చూసే అనుమతి ఇవ్వకూడదని బాండ్ సవరణ అనే చట్టం చెబుతోంది. అర్హమైన సందర్భాల్లో మినహాయింపు ఇవ్వవచ్చు. అంకెలు చెప్పని ఈ వ్యవస్థలో అంకె స్పష్టంగా కనిపించే చోటు ఇదొక్కటే.

హక్కు కాదన్న సుప్రీంకోర్టు

ఇంత విచక్షణ అధికారుల చేతికి ఎలా వచ్చిందో తెలుసుకోవాలంటే ఈగన్ కేసు చూడాలి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రెమర్టన్‌లో ట్రైడెంట్ జలాంతర్గాముల మరమ్మతు కేంద్రంలో 1981లో ఈగన్ కార్మికుల మేస్త్రీగా చేరాడు. దాడి, అక్రమంగా తుపాకీ కలిగి ఉండటం వంటి పాత శిక్షలు, వాటిలో కొన్నింటిని దరఖాస్తులో చెప్పకపోవడం, గతంలో తాగుడు సమస్య ఉండేదని, జైలుశిక్షలో చివరి 28 రోజులు మద్యం పునరావాస కేంద్రంలో గడిపానని ఆయనే ఒప్పుకోవడం కారణంగా నౌకాదళం క్లియరెన్స్ నిరాకరించింది. శిక్షలు అనుభవించానని, మూడేళ్లుగా మద్యం సమస్యే లేదని ఆయన జవాబిచ్చాడు. వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1988లో 5-3 మెజారిటీతో కోర్టు నౌకాదళం పక్షాన నిలిచింది. క్లియరెన్స్ ఎవరికీ హక్కు కాదని, ఒక మనిషి ముందుముందు ఎలా ప్రవర్తిస్తాడన్న అంచనా కాబట్టి అందులో బయటి ట్రైబ్యునళ్లు వేలు పెట్టకూడదని తేల్చింది. నాటి నుంచి నేటి వరకు ప్రతి తిరస్కరణకూ ఈ తీర్పే పునాది.

అంతమాత్రాన ఉద్యోగి పూర్తిగా నిస్సహాయుడు కాడు. రక్షణ కాంట్రాక్టర్ల ఉద్యోగులకు కారణాలు రాతపూర్వకంగా ఇస్తారు. 20 రోజుల్లో జవాబు చెప్పి, న్యాయాధికారి ముందు విచారణ కోరవచ్చు, సాక్షులను తేవచ్చు, అప్పీలు చేసుకోవచ్చు. ఆ తీర్పులను పేర్లు తీసేసి ప్రచురిస్తారు కూడా. నిబంధనల ప్రకారం గట్టెక్కించే అంశాలు కూడా స్పష్టంగానే ఉన్నాయి. సంఘటన జరిగి చాలాకాలం కావడం, తన తాగుడు తీరు తప్పని ఒప్పుకుని మార్చుకోవడం, చికిత్స పూర్తి చేసి దాన్ని నిలుపుకోవడం. చేసుకున్న మార్పుకు రుజువుండాలి. కౌన్సెలర్ రాసిన నివేదిక, పరీక్షల ఫలితాలు, దగ్గరివాళ్ల సాక్ష్యం వంటివి లేకుండా మారిపోయానన్న మాట ఒక్కటీ సరిపోదు. చివరికి తిరస్కరించినా ఏడాది ఆగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు.

భయానికి కారణం ఉంది

తాగి కారు నడిపేవాడు దేశద్రోహి అవుతాడా అని ఎవరైనా అడగవచ్చు. కాడు. అమెరికా రోడ్ల మీద మద్యం మత్తు ఏటా పది వేలకు పైగా ప్రాణాలు తీస్తోంది. ఆ డ్రైవర్లలో గూఢచారులు ఎందరని లెక్కేస్తే హాస్యాస్పదంగా ఉంటుంది. అయినా వాషింగ్టన్ భయపడటానికి ఒక చరిత్ర ఉంది. సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ 1985 నుంచి 1994లో అరెస్టయ్యేదాకా సోవియట్ యూనియన్‌కు, తర్వాత రష్యాకు రహస్యాలు అమ్మాడు. అమెరికాకు సమాచారమిచ్చిన సోవియట్ అధికారులు పలువురు దానివల్ల మరణశిక్షకు గురై తుపాకీ గుండ్లకు బలయ్యారు. ఆయన తాగుడు సంస్థలో ఎవరికీ తెలియనిది కాదు. మెక్సికో సిటీలో పనిచేసే రోజుల్లో తాగి కారు ప్రమాదంలో చిక్కుకుని, పోలీసుల ప్రశ్నలకు జవాబైనా చెప్పలేని స్థితిలో దొరికాడు. సంస్థ దాన్ని చూసీ చూడనట్టు వదిలేసిందని తర్వాత సెనేట్ నిఘా కమిటీ తప్పుపట్టింది. తాగుడే ద్రోహానికి కారణమని ఎవరూ అనలేదు. ఆగి అడగాల్సిన ప్రశ్నను పైఅధికారులు అడగలేదన్నదే ఆ వైఫల్యం నేర్పిన పాఠం.

మరో దెబ్బ 2013 సెప్టెంబరు 16న తగిలింది. వాషింగ్టన్ నేవీ యార్డ్‌లో క్లియరెన్స్ ఉన్న ఒక కాంట్రాక్టు ఉద్యోగి 12 మందిని కాల్చి చంపాడు. 2004లో తుపాకీతో కారు టైర్లు పేల్చి అరెస్టయిన సంగతిలో తుపాకీ ప్రస్తావన ఆయన నేపథ్య పరిశీలన నివేదికలో లేనే లేదు. క్లియరెన్స్ ఇచ్చి, ఐదేళ్లకో పదేళ్లకో మళ్లీ చూసే పద్ధతి మీద అప్పటి నుంచి నమ్మకం సడలింది. దాని స్థానంలో నిరంతర పరిశీలన వచ్చింది. 2021 నాటికి రక్షణ శాఖ పరిధిలో క్లియరెన్స్ ఉన్నవారందరినీ అందులో చేర్చారు. శనివారం రాత్రి జరిగిన అరెస్టును ఉద్యోగి స్వయంగా చెప్పినా చెప్పకపోయినా కంప్యూటర్ చెప్పేస్తుంది. పాత రోజుల్లో రెండు కేసుల మధ్య దొరికే చీకటి ఇప్పుడు లేదు.

మనవాళ్లకు ఎక్కడ తగులుతుంది

క్లియరెన్స్ దాదాపుగా అమెరికా పౌరులకే పరిమితం కాబట్టి, హెచ్1బీ మీద ఉన్న తెలుగు ఇంజినీరు ఇది తన సంగతి కాదనుకోవచ్చు. కానీ ఆ దశలో జరిగిన కేసు వెంటే వస్తుంది. 2015 నవంబరు నుంచి అమెరికా విదేశాంగ శాఖ, ఐదేళ్లలోపు డ్రంకెన్ డ్రైవ్‌లో అరెస్టయినవారి వీసాను శిక్ష పడకముందే రద్దు చేస్తోంది. దేశంలో ఉన్నంతకాలం పెద్ద ఇబ్బంది లేకపోయినా, ఇంటికి వచ్చి తిరిగి వెళ్లాలంటే కొత్త వీసా, డాక్టరు పరీక్ష తప్పవు. పౌరసత్వం దగ్గర మరో మెట్టు. చట్టం చెప్పిన కాలంలో, సాధారణంగా ఐదేళ్లలో, రెండు డ్రంకెన్ డ్రైవ్ శిక్షలుంటే సత్ప్రవర్తన లేనట్టే భావించాలని 2019లో కాస్టిల్లో-పెరెజ్ వ్యవహారంలో అటార్నీ జనరల్ తేల్చారు. కాదని రుజువు చేసుకునే భారం దరఖాస్తుదారు మీదే. వీటిని దాటి పౌరుడై వర్జీనియాలోనో, డాలస్ పరిసరాల్లోనో రక్షణ కంపెనీలో చేరాలనుకున్న రోజున, చదువుకునే వయసులో జరిగిన అరెస్టును ఎస్ఎఫ్-86 మళ్లీ అడుగుతుంది. అక్కడే పుట్టిపెరిగిన రెండో తరం పిల్లలకైతే ఈ ఫారం మొదటి ఉద్యోగంతోనే ఎదురవుతుంది. కాలేజీలో చదువుతుండగా దొరికినా లాయరు కొట్టేయించాడు కదా అన్న తల్లిదండ్రుల భరోసా వాళ్లకు మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది.

మన దగ్గర చట్టం కాగితం మీద ఇంకా కఠినం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 80 మిల్లీగ్రాముల ఆల్కహాల్ పరిమితి కాగా, మోటారు వాహనాల చట్టంలోని 185వ సెక్షన్ 30 మిల్లీగ్రాములు దాటితే నేరమంటుంది. రెండోసారి దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. ఉద్యోగాల నేపథ్య పరిశీలన గురించి మన సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పింది కూడా అమెరికా అనుభవానికి దగ్గరగానే ఉంది. కుర్రతనంలో జరిగిన చిన్న తప్పును దాచినా యజమాని క్షమించవచ్చు. తీవ్రమైన కేసైతే నిజం చెప్పినా యజమాని ఆలోచించుకోవచ్చు. ఉద్దేశపూర్వకంగా దాస్తే ఆ దాపరికమే తొలగింపునకు కారణం కావచ్చు.

విధానంలో లోపాలు

రెండో కేసును మొదటిదానికన్నా తీవ్రంగా చూడటం సబబే. అంకె పెట్టకుండా మనిషిని చూడాలన్నదీ మంచి సూత్రమే. ఇరవై రెండేళ్ల చెనీకి, నలభై ఏళ్ల వయసులో ప్రొబేషన్‌లో ఉంటూ మళ్లీ దొరికిన ఉద్యోగికి ఒకే కొలబద్ద పెట్టకూడదు. కానీ ఈ సూత్రం నిలవాలంటే అధికారులు రెండు విషయాల్లో మారాలి.

మొదటిది చికిత్స. మద్యం కారణంగా స్వచ్ఛందంగా కౌన్సెలింగ్ తీసుకున్నారా అని ఎస్ఎఫ్-86 అడుగుతుంది. ఇప్పటికే క్లియరెన్స్ ఉన్నవారు మద్యం చికిత్స తీసుకుంటే సంస్థకు తెలియజేయాలి. నిబంధన చికిత్సను అనుకూలాంశంగానే చూస్తుందని చెప్పినా, రాయడమంటేనే ఉద్యోగులు భయపడతారు. మొదటి కేసు తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన మనిషి, ఫైలులో పడుతుందని వెళ్లడు. వెళ్లనందువల్లే రెండో కేసు వస్తుంది. ఏ సంఘటనా జరగకముందే, లేదా మొదటి సంఘటన జరిగిన వెంటనే స్వయంగా చికిత్సకు వెళ్లినవారి మీద ఆ ఒక్క కారణంతో ప్రతికూల నిర్ణయం ఉండదని స్పష్టంగా రాయాలి. మానసిక ఆరోగ్య కౌన్సెలింగ్ విషయంలో ఇదే ఆదేశం అలాంటి హామీ ఇచ్చింది. మద్యం విషయంలోనూ ఇవ్వడానికి అడ్డేమీ లేదు.

రెండోది సమానత్వం. ఈ పరీక్ష ఎన్నికైన నాయకులకు లేదు. అధ్యక్షుడికి, ఉపాధ్యక్షుడికి, కాంగ్రెస్ సభ్యులకు పదవే క్లియరెన్స్. 2000 ఎన్నికలకు కొద్ది రోజుల ముందు, జార్జ్ డబ్ల్యూ బుష్ 1976లో మెయిన్ రాష్ట్రంలో తాగి కారు నడుపుతూ దొరికి నేరం ఒప్పుకున్న సంగతి బయటపడింది. 2001 జనవరిలో ప్రమాణం చేసిన అధ్యక్షుడు బుష్, ఉపాధ్యక్షుడు చెనీ ఇద్దరికీ కలిపి మూడు డ్రంకెన్ డ్రైవ్ కేసులున్నాయి. ప్రజలు తెలిసే ఓటేశారు, అందులో తప్పు లేదు. వాళ్లకు కాలం, పరివర్తన సాక్ష్యాలుగా పనికొచ్చినప్పుడు జలాంతర్గామి మరమ్మతు చేసే కార్మికుడికీ పనికిరావాలి. ఈగన్ మూడేళ్ల నిగ్రహం ఎందుకు చాలలేదో, ఎన్నేళ్లయితే చాలేదో ఎవరూ చెప్పలేదు. కచ్చితమైన గడువు పెట్టకపోయినా, ఎలాంటి కేసుకు సుమారుగా ఎంతకాలం మద్యానికి దూరంగా ఉంటే, ఏ రుజువులు చూపిస్తే పరిశీలిస్తామో వేల తీర్పుల అనుభవం ఉన్న సంస్థ ముందుగానే ప్రకటించవచ్చు. ఎంతకాలం ఆగాలో తెలిసిన మనిషి మారడానికి ప్రయత్నిస్తాడు. తెలియని మనిషి దాచడానికి ప్రయత్నిస్తాడు. దేశ రహస్యాలు కాపాడాల్సిన వ్యవస్థకు ఈ రెండో రకం ఉద్యోగే ఎక్కువ ప్రమాదం.